దీపము చూపినంత దూరము

ఖమ్మము జిల్లా ఉత్తరభాగమున కారేపల్లి యను గ్రామము కలదు. సింగరేణి మండలమునకు అదియే ముఖ్యస్థానము. డోర్నకల్లు నుండి కొత్తగూడెము వైపు పోవు రైలుమార్గముపై అది యొక కూడలి. ఇల్లెందునకు పోవు శాఖామార్గము అచ్చటనే విడిపోవును. ఇల్లెందు ప్రాంతమున 1871వ సంవత్సరమున బొగ్గు కనుగొనబడినది. 1889లో త్రవ్వకము మొదలైనది. నాటినుండి ఆ సీమలో రాకపోకలు పెరిగినవి. ఒకవైపు పత్తిచేలు, మిరపతోటలు, వరిపొలములు. మరియొకవైపు టేకు, తునికి, ఇప్ప చెట్లతో నిండిన అడవి. వీని నడుమగా రోడ్లు సాగిపోవును.

పగటివేళ ఆ రోడ్లు చూచుటకు ఇంపుగా నుండును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వాని స్వరూపమే మారిపోవును. ఊరు దాటగానే దీపస్తంభము లుండవు. ఇరుప్రక్కల చెట్లు చీకటిని మరింత చిక్కబరచును. మిరపకాయలు ఏరి ఇండ్లకు మరలు కూలివారి ఆటోలు, ఖమ్మము మార్కెట్టునకు సరకు చేర్చు ట్రాక్టర్లు, లారీలు, తండాలకు పోవు మోటారుసైకిళ్లు, శ్రీరామనవమి దినములలో భద్రాచలమునకు కాలినడకన పోవు యాత్రికులు, మేత మేసి రోడ్డుపై పండుకొనిన గేదెలు - వీరందరికిని దారి యొక్కటియే. ఇట్టి దారిలో రాత్రివేళ వాహనము నడుపుట పగటి పనికి కొనసాగింపు కాదు. అది వేరొక పని. దానికి వేరొక జాగ్రత్త కావలెను.

పూర్వకాలమున ఈ సీమలో రాత్రి ప్రయాణము లేకపోలేదు. రైతులు ఎడ్లబండ్లపై సరకు వేసికొని, ఎండతాకిడి తప్పించుకొనుటకై రాత్రివేళనే బయలుదేరెడివారు. బండి ఇరుసు క్రింద ఒక లాంతరు వ్రేలాడుచుండెడిది. నడిరేయి దాటిన తరువాత బండివాడు పగ్గములు వదలి కునుకు తీసినను ప్రమాదము తక్కువ. ఎడ్లు తెలిసిన దారిని పోవుచునే యుండెడివి. గుంట వచ్చినచో తప్పుకొనెడివి. ఎదుట ఏదైన అడ్డమున్నచో నిలిచెడివి. ఏలయన, ఎడ్లకు కన్నులున్నవి, ప్రాణభయ మున్నది.

మోటారుకు ఆ రెండును లేవు. దాని బలము వంద ఎడ్ల బలముకంటె మిన్న కావచ్చును గాని, దానికి చూపు లేదు. నడుపువాడు చూచినదే అది చూచును. నడుపువాడు కన్ను మూసినచో అదియు గ్రుడ్డిదియే. కనుక రాత్రి ప్రయాణమును గూర్చి తెలిసికొనగోరు వాడు మొదట మనుష్యుని కంటిని గూర్చియే తెలిసికొనవలెను.

కంటి వెనుకటి తెరయందు రెండు విధములగు కణము లున్నవి. ఒకవిధమువి వెలుతురులో పనిచేయును. రంగులను, సూక్ష్మమైన వివరములను గుర్తించును. రెండవ విధమువి మసక వెలుతురులో పనిచేయును. కాని వానికి రంగులు తెలియవు, వస్తువుల అంచులు స్పష్టముగా తోచవు. అందువలననే రాత్రివేళ ఎఱ్ఱచీర, ఆకుపచ్చచీర, నల్లచీర ఒక్కతీరుగనే నల్లనై కనిపించును. వెలుతురు నుండి చీకటిలోనికి వచ్చిన కన్ను ఆ చీకటికి పూర్తిగా అలవాటు పడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. ఆహారములో ఎ విటమిను చాలనివారికి రేజీకటి కలుగును. వారికి మసకవెలుతురులో దారియే కానరాదు. మునగాకు, తోటకూర, బొప్పాయి వంటివి ఆ లోపమును నివారింపగలవు. వయసు ముదిరిన కొలది కంటికి ఎక్కువ వెలుతురు కావలసియుండును. యువకునకు సులభముగా కనిపించు అడ్డము వృద్ధునకు రాత్రి కనిపింపకపోవచ్చును.

ఎదుటి వాహనపు దీపము కంటిలో సూటిగా పడినచో సంభవించు కీడు మరియొకటి. ఆ వెలుగునకు కన్ను చెదరును. వాహనము దాటిపోయిన తరువాత కూడ చూపు మరల కుదురుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము ఐదు సెకండ్లలో 80 మీటర్లకు పైగా పోవును. అనగా, అంత దూరము ఆ నడుపువాడు సగము గ్రుడ్డివాడై పోవుచున్నాడన్నమాట. ఆ 80 మీటర్లలో ఒక ముసలమ్మ రోడ్డు దాటుచుండవచ్చును. ఎదురుగా వాహనము వచ్చునపుడు దీపమును క్రిందికి దించుట మర్యాద మాత్రమే కాదు, ప్రాణరక్షణము. ఎదుటివాడు దించలేదని కోపించి తానును వెలుగు పెంచువాడు ఒక గ్రుడ్డివానికి బదులు ఇద్దరు గ్రుడ్డివారిని సృష్టించుచున్నాడు. అట్టివేళ వేగము తగ్గించి, చూపును రోడ్డు ఎడమ అంచుపై నిలిపి పోవుటయే వివేకము.

ఇక వేగమును గూర్చి కొంచెము లెక్క చూడవలసియున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము సెకండునకు 11 మీటర్లు పోవును. అడ్డమును చూచి, అది యేమో గ్రహించి, బ్రేకుపై కాలు మోపుటకు ఒకటిన్నర సెకండు పట్టుననుకొన్నచో, అంతలోనే వాహనము 17 మీటర్లు పోయియుండును. పొడిరోడ్డుపై బ్రేకు పడిన తరువాత నిలుచుటకు మరి 10 మీటర్లు కావలెను. మొత్తము 27 మీటర్లు. అదే వాహనము 80 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు గ్రహించులోపల 33 మీటర్లు, బ్రేకు పడిన తరువాత 41 మీటర్లు, మొత్తము 74 మీటర్లు కావలెను. వేగము రెండింత లైనది. బ్రేకు పడిన తరువాత సాగు దూరము మాత్రము నాలుగింత లైనది.

క్రిందికి దించిన దీపపు వెలుగులో అడ్డము 50 మీటర్ల దూరమున కనబడిన దనుకొనుడు. 40 కిలోమీటర్ల వేగముతో వచ్చువాడు సుఖముగా నిలుచును. 80 కిలోమీటర్ల వేగముతో వచ్చువాడు బ్రేకు వేసికూడ, ఇంకను 60 కిలోమీటర్లకు పైబడిన వేగముతో ఆ అడ్డమును గుద్దుకొనును. అతని బ్రేకులు మంచివే. అతని చేతులు నేర్పు గలవే. అయినను అతనిని కాపాడునది ఏదియు లేదు. అతడు తన దీపముకంటె వేగముగా పోయినాడు. అదియే అతని తప్పు. రోడ్డు తడిసియున్నను, మంచు క్రమ్మినను, బరువెక్కువైనను, నిలుచుటకు కావలసిన దూరము ఇంకను పెరుగును, లేదా చూపు ఇంకను తగ్గును.

కారేపల్లి స్టేషనులో రైలుబండ్ల రాకపోకలను చూచువారికి ఈ నియమము సులభముగా బోధపడును. ముందరి మార్గము ఖాళీగా నున్నదని తెలిసినగాని స్టేషను మాస్టరు బండిని విడువడు. రాత్రివేళ బండి కడపటి పెట్టె వెనుక ఎఱ్ఱదీపము వెలుగుచునే యుండవలెను. ఆ దీపమును చూచినగాని బండి మొత్తము వచ్చినదని, నడుమ ఒక పెట్టెయైనను విడిపోయి నిలిచిపోలేదని నిశ్చయింపరు. ముందు ఖాళీ యున్నదని తెలిసిన తరువాతనే పోవుట, వెనుకవానికి తన ఉనికి తెలియజేయుట - ఈ రెండు సూత్రములే రైలుమార్గమును కాపాడుచున్నవి. ప్రక్కనే పోవు రోడ్డుపై స్టేషను మాస్టరు లేడు. అచ్చట నడుపువాని దీపమే అతనికి స్టేషను మాస్టరు. అది ఖాళీయని చూపినంత దూరము మాత్రమే అతనికి అనుమతి.

రెండవ సూత్రమును గ్రామములవారు తరచు మరచుచున్నారు. ఎడ్లబండ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చిన తరువాత లాంతరు వాడుక పోయినది. దాని స్థానమున మరియొక దీపము అన్నిచోట్ల రాలేదు. ఒక తాతయు మనుమడును మిరపబస్తాలతో మార్కెట్టునకు బయలుదేరుచున్నారనుకొనుడు. మనుమడు ట్రాక్టరెక్కి దీపములు వెలిగించినాడు. తాత వెనుకకు పోయి చూచి నిలిచిపోయినాడు.

"లాంతరేదిరా, నాయనా?" అని అతడడిగెను.

"లాంతరెందుకు తాతా? ముందర రెండు దీపములున్నవి గదా! దారి పట్టపగలువలె కనబడుచున్నది" అని మనుమడనెను.

"అవి నీవు చూచుటకురా. నిన్ను చూచుట కేదీ? వెనుక వచ్చువాడు ఏ తల్లి బిడ్డయో! వానికి ఈ బస్తాలకును చీకటికిని భేద మెట్లు తెలియును? నేను బండి తోలిన దినములలో నూనెకు డబ్బులు లేకున్నను అప్పు తెచ్చి లాంతరు వెలిగించితిని. ఆ లాంతరు నాకు దారి చూపుటకు కాదు. నన్ను పరులకు చూపుటకు."

మనుమడు దిగివచ్చి, ట్రాలీ వెనుక బురద కప్పిన ఎఱ్ఱ రేకులను గుడ్డతో తుడిచినాడు. తెగిన తీగెను ముడివేసి వెనుకటి దీపమును వెలిగించినాడు. అందుకు పట్టినది పది నిమిషములు. ఆ పది నిమిషములు లేకపోవుటచేతనే ఎన్నియో కుటుంబములు దిక్కులేనివైనవి.

ఆ ఎఱ్ఱ రేకులలో ఒక చక్కని శాస్త్రరహస్య మున్నది. సామాన్యమైన వస్తువుపై పడిన వెలుగు నలుదిక్కులకు చెదరిపోవును. ఈ రేకు మాత్రము వెలుగును వచ్చిన దిక్కునకే మరల పంపును. అందుచేత నడుపువానికి అది నిప్పుకణికవలె మెరసి కనిపించును. రాత్రివేళ దుప్పి కన్నులు, పిల్లి కన్నులు మెరయుటకు కూడ ఇట్టిదే కారణము. వాని కంటి వెనుక వెలుగును మరల పంపు పొర యొకటి కలదు. ఇంగ్లాండు దేశమున యార్క్‌షైరు వాసియగు పెర్సీ షా యనునతడు 1934లో వెలుగును ఇట్లు మరలించు చిన్న సాధనమును రోడ్డు నడుమ పొదుగు విధానమును కనిపెట్టినాడు. దానికి "పిల్లికన్ను" అనియే పేరు వచ్చినది. నేడు పెద్ద రోడ్లపై మెరయు గుర్తులు అట్టి ఆలోచన ఫలములే. కాని మనుష్యుని కంటిలో ఆ పొర లేదు, పందికంటిలోను లేదు. కనుక అడవిలో దుప్పి దూరమునుండియే తెలియవచ్చును గాని, అడవిపంది తెలియదు. నల్లబట్టలు కట్టిన పాదచారి అసలే తెలియడు. పాదచారికి తన్ను చూచుచున్న వాహనపు దీపములు దూరమునుండి కనిపించును. అందుచేత తానును వానికి కనిపించుచున్నానని భ్రమపడును. ఈ భ్రమ ప్రాణాంతకము.

అడవి అంచున మరియొక విశేషము కలదు. పాల్వంచ ప్రాంతమున కిన్నెరసాని అభయారణ్య మున్నది. అట్టి అడవులలోని మృగములు రాత్రివేళ రోడ్డు దాటుచుండును. దీపపు వెలుగు కన్నులలో పడినప్పుడు దుప్పి పరుగెత్తక కొయ్యబారి నిలిచిపోవుటయు కలదు. ఒకటి దాటినంత మాత్రమున దారి ఖాళీయైనదని తలంపరాదు. దాని వెనుక మంద వచ్చుచుండవచ్చును. హఠాత్తుగా ప్రక్కకు త్రిప్పినచో వాహనము చెట్టును గుద్దుకొనును, లేదా బోల్తాపడును. ముందే వేగము తగ్గించుకొనియుండుట ఒక్కటియే మార్గము.

అయినను రోడ్డుపై మృగములు పెట్టు అడ్డములకంటె మనుష్యులు పెట్టునవే అధికము. కోతల కాలమున వడ్లు, మొక్కజొన్నలు రోడ్డుపై ఆరబోయుట పల్లెలలో వాడుక. రాసుల చుట్టు రాళ్లు పేర్చుదురు. రాత్రి మంచునకు తడియకుండ నల్లని పరదాలు కప్పుదురు. రైతు కష్టము ఎవ్వరికిని తెలియనిది కాదు. కళ్లము లేనివాడు ఎక్కడ ఆరబోయగలడు? కాని ఆ నల్లని పరదా, ఆ రాళ్లు రాత్రివేళ మోటారుసైకిలుపై వచ్చు పొరుగూరి యువకునకు కనిపింపవు. ఒక ఇంటి పంట మరియొక ఇంటి కడుపుకోత కారాదు. చెడిపోయిన లారీని రోడ్డుపైననే విడిచి, వెనుక నాలుగు రాళ్లు పెట్టి, లారీ బాగైన తరువాత ఆ రాళ్లను అచ్చటనే వదలిపోవుటయు ఇట్టి నేరమే. వాహనమును ఇతరులకు అపాయకరముగా రోడ్డుపై వదలరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది.

దారిలో పడియున్న వస్తు వొక్కటి ఎంత కీడు తేగలదో 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద లోకమునకు తెలిసినది. అంతకుముందే ప్రమాదమునకు లోనై చీకటిలో రోడ్డుపై పడియున్న ఒక మోటారుసైకిలును, హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు బస్సు గుద్ది ఈడ్చుకొనిపోయినది. మంటలు లేచినవి. నిద్రలోనున్న ప్రయాణికులలో పలువురు బయటపడలేక మరణించిరి. పండ్రెండేండ్ల క్రిందట, 2013 అక్టోబరు 30వ తేదీన, అదే రెండు నగరముల నడుమ పాలెము గ్రామము వద్ద ఒక బస్సు కల్వర్టు గోడను రాచుకొని అంటుకొనగా 45మంది ఆహుతియైరి. అదియు తెల్లవారుజామే.

తెల్లవారుజాము ప్రత్యేకముగా అపాయకరమైన వేళ. మనుష్యదేహములో ఒక సహజమైన గడియారము కలదు. రాత్రి రెండు గంటల నుండి ఐదు గంటల వరకు అది నిద్రను గట్టిగా కోరును. ఆ వేళ మెలకువగా నున్నవాని చేతులు, బుద్ధి మందగించును. నాలుగు సెకండ్లు రెప్ప వాలినచో, 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము 65 మీటర్లకు పైగా నడుపువాడు లేకయే పోవును. కిటికీ తెరచి గాలి తీసికొనుట, పాటలు పెట్టుకొనుట, ముఖము కడుగుకొనుట నిద్రను కొంతసేపు వంచించునే గాని తీర్చవు. నిద్రకు మందు నిద్రయే. వాహనమును రోడ్డునకు దూరముగా నిలిపి, కొంతసేపు పండుకొని లేచుట పిరికితనము కాదు.

డ్రైవరు నిద్రలేమికి డ్రైవ రొక్కడే కారకుడు కాడు. సరకు తెల్లవారునప్పటికి చేరవలెనని తొందరించు యజమానియు, త్వరగా పోనిమ్మని పోరు ప్రయాణికుడును అందు పాలు పంచుకొందురు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనిని, ఐదు గంటలకు మించకుండ ఒకమారు అరగంట విశ్రాంతిని విధించినది. ఆ చట్టము కార్మికుని సుఖమునకు మాత్రమే కాదు. అతని వెనుక కూర్చున్న వారి ప్రాణములకు కూడ కవచముగా నుండెను. ఇక మద్యము త్రాగి నడుపుటను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. చీకటి సగము చూపును హరించగా, మద్యము మిగిలిన సగమును హరించును.

రాత్రి ప్రమాదములనగా నడిరేయి ప్రమాదములని పలువురు తలంతురు. అది సరికాదు. దేశమున 2022వ సంవత్సరమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. దినమును మూడేసి గంటల భాగములుగా విభజించి చూచినచో, సాయంకాలము ఆరు నుండి తొమ్మిది గంటల వరకు గల భాగముననే అధిక ప్రమాదములు జరిగినవి. మొత్తములో ఇంచుమించు అయిదవ వంతు. పని ముగించి అలసినవారు ఇండ్లకు మరలు వేళ అది. వెలుతురు పోవుచుండును, కన్ను చీకటికి ఇంకను అలవాటు పడియుండదు, ఇల్లు దగ్గరపడినదని మనసు తొందరపడును. తెలిసిన దారియను ధైర్యము జాగ్రత్తను సడలించును. కారేపల్లి వాడు తన ఊరి రోడ్డుపైననే మోసపోవు వేళ అదియే.

బాలురు వాహనములు నడుపుట చట్టసమ్మతము కాదు. అయినను వారు చేయదగిన పనులు కొన్ని కలవు. రాత్రివేళ నడచునపుడు తెల్లనిబట్టలు ధరించి, చేతిదీపము పట్టుకొని, ఎదుట వచ్చు వాహనములు కనబడునట్లు రోడ్డునకు కుడి అంచున నడువవలెను. ఇంటిలోని సైకిలునకు, ట్రాక్టరునకు, మోటారుసైకిలునకు వెనుకటి ఎఱ్ఱరేకు ఉన్నదో లేదో చూచి, దుమ్ము తుడిచి పెట్టవలెను. శిరస్త్రాణము లేక బయలుదేరు తండ్రికి దానిని తెచ్చి చేతికియ్యవలెను. ప్రమాదము చూచినచో ముందు వెనుక వచ్చు వాహనములకు హెచ్చరిక చేసి, 108 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో మొదలై పలు రాష్ట్రములకు వ్యాపించినది. గాయపడినవానికి సహాయము చేసినవానిని కేసులపాలు చేయరాదని 2019లో సవరింపబడిన చట్టము అభయమిచ్చినది. కనుక భయపడి తొలగిపోవలసిన పని లేదు.

చీకటిని ఎవ్వరును తొలగింపలేరు. అది ప్రతిదినమును వచ్చునదే. మనుష్యుడు చేయగలిగినది రెండే: తన వెలుగు చూపినంత దూరమునకే తన వేగమును కట్టుబరచుకొనుట, తన ఉనికిని పరులకు తెలియజేయుట. రాత్రి కారేపల్లి స్టేషను దాటి అడవిలోనికి పోవు రైలుబండి చివర ఒక చిన్న ఎఱ్ఱదీపము వెలుగుచుండును. బండిలోని ప్రయాణికులలో ఒక్కరికైనను దానివలన దారి కనబడదు. అయినను అది లేకయే బండి కదలదు. వెనుక వచ్చువారి కొరకు వెలిగించిన ఆ దీపమే నాగరికతకు గుర్తు.

ప్రశ్నలు

1. ఎడ్లబండికిని మోటారుబండికిని రాత్రి ప్రయాణమున గల భేదమేమి?
2. 50 మీటర్ల దూరమున అడ్డము కనబడినప్పుడు 80 కిలోమీటర్ల వేగముతో పోవువాడు ఏల నిలువజాలడు? లెక్కవేసి చూపుము.
3. తాత లాంతరును గూర్చి మనుమనికి చెప్పిన మాటల భావమును నీ సొంతమాటలలో వ్రాయుము.
4. మీ ఊరి రోడ్డుపై రాత్రివేళ కనబడక అపాయము కలిగించు వస్తువు లెవ్వి? వానిని తొలగించుటకు ఏమి చేయవచ్చును?